చెవుల మేస్త్రి విన్న పంపు

బట్టలుతికే దుకాణానికీ, మూతపడిన ఫోటో స్టూడియోకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది ఆ షెడ్డు. రెండు కార్లు పడతాయి. మూడోది వచ్చిందంటే ముక్కు రోడ్డు మీద పెట్టుకుని నిలబడాల్సిందే. షెడ్డు యజమానికి అరవై ఒకటో ఏడు నడుస్తోంది. అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది గానీ, అది బ్యాంకువాళ్లకి తప్ప ఎవరికీ అక్కర్లేదు. వీధి వీధంతా ఆయన్ని చెవుల మేస్త్రి అంటుంది. చెవులు పెద్దవని కాదు. కారుకొచ్చిన జబ్బేమిటో చెవితో కనిపెడతాడని.

ఆ కనిపెట్టే తతంగం చూసి తీరాలి. బానెట్ ఎత్తిస్తాడు. ఇంజను నడిపించమంటాడు. ఎడంచెయ్యి బండి మీద ఆనించి, కళ్లు మూసుకుని, తల కాస్త పక్కకి వాల్చి నిలబడతాడు. కారు గలాయన ఏదో చెప్పబోతే కళ్లు తెరవకుండానే చూపుడువేలు పైకి లేపుతాడు. అర నిమిషమయ్యాక తీర్పు వస్తుంది. "బేరింగు." "మూడో సిలిండరు." ఒకాయనకైతే, "ఇంజనుకేం కాలేదు, డ్యాష్‌బోర్డు సొరుగులో మీ కళ్లజోడు దొర్లుతోంది" అని చెప్పి పంపేశాడు. ఒకసారి సిగ్నల్ దగ్గర ఆగిన ఎవరిదో కారు అద్దం తట్టి, వాటర్ పంపు పోబోతోందని చెప్పాడు. వారం తిరిగేసరికి ఆ కారు తాడు కట్టించుకుని షెడ్డుకొచ్చింది. ఈ కథ ఆయన కొన్ని వందలసార్లు చెప్పి ఉంటాడు. చెప్పినప్పుడల్లా కారు ఖరీదు పెరుగుతూ ఉంటుంది.

అటువంటి మేస్త్రికి రెండేళ్లుగా చెవులు సరిగ్గా పనిచేయడం లేదు. ఈ మాట నేను ముందే చెప్పేస్తున్నాను. దాచడం ఆయన పని, నాది కాదు.

లావు చప్పుళ్లకి ఢోకా లేదు. లారీ హారన్లు, సుత్తి దెబ్బలు, పక్క దుకాణం వాళ్ల పోట్లాటలు అన్నీ వినిపిస్తాయి. సన్నవే ఒక్కొక్కటిగా సెలవు తీసుకున్నాయి. ఫోను మోగితే తెలియదు, ఎవరైనా అడిగితే సిగ్నల్ లేదంటాడు. మనిషి పెదాలు కనిపించకపోతే మాట సగమే అందుతుంది, మిగతా సగం తానే ఊహించుకుని తలాడిస్తాడు. ఈ ఏడు దోమలు బాగా తగ్గాయని భార్య దగ్గర మున్సిపాలిటీని మెచ్చుకున్నాడు కూడా. దోమలేం తగ్గలేదు. ఆవిడ ఏమీ అనకుండా ఆయన కాళ్ల దగ్గర దోమల చుట్ట వెలిగించి వెళ్లింది.

ఇదంతా తెలిసే చేస్తున్నాడా అంటే, తెలిసే చేస్తున్నాడు. రోడ్డు చివర అద్దాల తలుపులతో కొత్త వర్క్‌షాపు వచ్చింది. లోపల కంప్యూటర్లున్నాయి, కూర్చోడానికి సోఫాలున్నాయి. అవన్నీ కాదనుకుని జనం ఈ ఇరుకు షెడ్డుకి వస్తున్నారంటే, ఆ చెవి కోసమే వస్తున్నారు. చెవి పోయిందని ఒక్కరి నోట బయటపడితే నలభై ఏళ్ల పేరు పోతుంది. ఆ తర్వాత తనను ఏమని పిలుస్తారో తల్చుకోడానికే ఆయన ఇష్టపడేవాడు కాదు.

చలికాలం మొదట్లో ఒక మధ్యాహ్నం ఈత టీచరు వచ్చింది. ఊరి ఈతకొలనులో పొద్దున్న ఆరింటికి పిల్లలకి ఈత నేర్పుతుంది. కొలను గేటు తాళం ఆమె దగ్గరే ఉంటుంది. తెచ్చిన బూడిదరంగు కారు మాత్రం ఆమెది కాదు, ఆమె మామగారిది. ఆయన రైల్వేలో టికెట్ కలెక్టరుగా చేసి, రిటైరైన ఏడాది కొనుక్కున్నాడు. కారు వయసు పంతొమ్మిదేళ్లు. తిరిగింది మూడు లక్షల పన్నెండు వేల కిలోమీటర్లు.

"పొద్దున్నే స్టార్ట్ అవడం లేదు మేస్త్రిగారూ. సెల్ఫ్ కొట్టగా కొట్టగా, ఎప్పటికో దగ్గుకుంటూ లేస్తుంది. ఒకసారి లేచిందంటే ఇక సాయంత్రం దాకా బంగారం."

"ఇప్పుడెలా ఉంది?"

"బంగారమే. నడుపుకుంటూనే వచ్చానుగా."

మేస్త్రి తల పంకించాడు. ఈ చలి జబ్బుతో వచ్చిన చిక్కే అది. రాత్రంతా నిలబడి ఇంజను ఒళ్లంతా చల్లబడితేనే రోగం బయటపడుతుంది. వేడెక్కిందా, ఏమీ ఎరగనట్టు నిలబడుతుంది. మెకానిక్ దగ్గరికి నడిచొచ్చిన కారు ఎప్పుడూ వేడిగానే ఉంటుంది కాబట్టి, దాని గుట్టు మెకానిక్‌కి ఎప్పటికీ దొరకదు.

"నేనే మీ ఇంటికొస్తాను. రేపు ఐదున్నరకి. అప్పటిదాకా బండిని ఎవరూ ముట్టుకోకూడదు, అది ముఖ్యం."

మర్నాడు మఫ్లరు చుట్టుకుని, స్కూటరు మీద చెప్పిన వేళకి వెళ్లాడు. వాకిట్లో కారు హాయిగా నడుస్తోంది. పక్కన స్వెట్టరు తొడుక్కుని, పెళ్లికొచ్చిన వాళ్లని ఆహ్వానిస్తున్నట్టు టికెట్ కలెక్టరుగారు నిలబడి ఉన్నారు.

"ఎవరూ ముట్టుకోవద్దన్నాను కదండీ."

"ముట్టుకోలేదయ్యా. ఒకసారి స్టార్ట్ చేసి ఉంచాను, అంతే. ఇంటికొచ్చిన మనిషిని చలిలో నిలబెట్టి సెల్ఫ్ కొడుతూ కూర్చుంటే బాగుంటుందా?"

డాక్టరు వచ్చేలోపు పిల్లాడికి మొహం కడిగి, దగ్గావంటే చూడు అని బెదిరించి కూర్చోబెట్టే రకం ఆయన. కారు పరువు తన పరువే అనుకుంటాడు. మేస్త్రి ఓపిగ్గా చెప్పాడు, తాను రాకముందు స్టార్ట్ చేయొద్దని. పెద్దాయన శ్రద్ధగా విన్నాడు. రెండోరోజు వెళ్లేసరికి ఇంజను ఆగి ఉంది. మేస్త్రి సంతోషంగా బానెట్ మీద చెయ్యి వేసి, వెంటనే తీసేశాడు.

"వేడిగా ఉందేమిటండీ?"

"నిన్న మీరొచ్చే ముందు స్టార్ట్ చేశానని కోప్పడ్డారుగా. అందుకని ఇవాళ నాలుగున్నరకే స్టార్ట్ చేసి ఆపేశాను. గంటసేపు రెస్టు కూడా ఇచ్చాను."

మూడోరోజుకి కోడలు తాళంచెవి తన దిండు కింద పెట్టుకుని పడుకుంది. తెల్లవారుజామున మామగారు రెండుసార్లు తలుపు తట్టి, కాస్త తాళం ఇస్తావా అమ్మా అని అడిగారట. ఇవ్వలేదు. అలా మొదటిసారి మేస్త్రికి చల్లటి కారు దొరికింది.

స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఇక్కడ చిన్న సంగతి ఒకటి చెప్పాలి. ఇటువంటి కార్లలో తాళం సగం తిప్పగానే, ఇంజను ఇంకా కదలకముందే, వెనకసీటు కింద ట్యాంకులో ఉన్న పెట్రోలు పంపు రెండు సెకన్లపాటు సన్నగా గుయ్‌మంటుంది. అన్నదంటే ఇంజనుకి పెట్రోలు అందుతున్నట్టు. అనలేదంటే ఇంక వేరే వెతుకులాట అక్కర్లేదు, దొంగ దొరికినట్టే. మేస్త్రి కళ్లు మూసుకుని, తల వాల్చి, తాళం సగం తిప్పాడు.

"మోగింది" అన్నాడు.

కిటికీలోంచి తల పెట్టిన టికెట్ కలెక్టరుగారు, "దివ్యంగా మోగింది" అని సాక్ష్యం పలికారు. కోడలు అప్పటికి వీధిగేటు తెరవడానికి వెళ్లి, చలికి బిగుసుకున్న గడియతో కుస్తీ పడుతోంది.

పంపు నిర్దోషి అని తేలిపోయింది. ఆ తర్వాత సెల్ఫ్ కొడితే ఇంజను గిరగిరా తిరిగి తిరిగి, పదకొండు సెకన్లకి దగ్గి, గింజుకుని లేచింది. ఈత టీచరు కొలనుకి పరుగెత్తింది.

అక్కడినుంచి పది రోజులు మేస్త్రి ఒక్కొక్క నేరస్థుణ్ణీ పట్టుకుంటూ వచ్చాడు. ముందు, బ్యాటరీకి చలి పడటం లేదన్నాడు. కొత్తది వేశాడు. మర్నాడు ఇంజను ఇంకాస్త హుషారుగా తిరిగింది, లేవడం మాత్రం ఎప్పటిలాగే ఆలస్యంగానే లేచింది. ప్లగ్గులన్నాడు. నాలుగూ మార్చాడు. తర్వాత, ఇంజను చల్లగా ఉందో వేడిగా ఉందో చెప్పే సెన్సారు అబద్ధాలాడుతోందన్నాడు. దాన్నీ మార్చాడు. అందరూ పంతొమ్మిదేళ్లు నమ్మకంగా పనిచేసినవాళ్లే, ఎవరి తప్పూ లేకుండా ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. రోజూ ఆరుంబావుకి కొలను గేటు బయట ఇరవైమంది పిల్లలు తువ్వాళ్లు చుట్టుకుని, తాళం కోసం వణుకుతూ నిలబడటం మాత్రం ఆగలేదు. నీళ్లలోకి దిగకముందే వాళ్ల పళ్లు టకటకలాడేవి.

పదోరోజున ఈత టీచరు షెడ్డుకొచ్చి, చాలా మర్యాదగా, ఆయన నొచ్చుకోకుండా చూసుకుంటూ అడిగింది.

"ఏమీ అనుకోకండి మేస్త్రిగారూ. పోనీ ఒకసారి ఆ అద్దాల వర్క్‌షాపులో చూపించమంటారా?"

ఆ మాటలో ఒక్క ముక్క కూడా పోకుండా మేస్త్రికి పూర్తిగా వినిపించింది.

"ఒక్క పొద్దు టైమివ్వండమ్మా. ఇవాళ సాయంత్రం బండి ఇక్కడ వదిలిపెట్టండి. రేపు ఆదివారమేగా, మీకు క్లాసు లేదు. పొద్దున్నే రండి, మీ కళ్లముందే తేల్చేస్తాను. దొరక్కపోతే నేనే దగ్గరుండి వాళ్ల దగ్గరికి తీసుకెళతాను."

అనేశాడు గానీ, ఏం తేల్చాలో ఆయనకి తెలియదు. చెవి చెప్పినవన్నీ అయిపోయాయి.

ఆదివారం పొద్దున్న ఆరింటికి ఈత టీచరు వచ్చింది. మామగారు తోడొచ్చారు. కారు పక్కింటికి వెళ్లినా చూసి వచ్చే మనిషి, ఒక రాత్రంతా బయట వదిలేసి ఇంట్లో ఎలా కూర్చుంటారు? షెడ్డులో చలి గోడల్లోంచి వస్తోంది. బయట వీధిలో ఒక్క బండీ లేదు, ఎదురుగా కుళాయి కూడా కట్టేసి ఉంది. అంత నిశ్శబ్దం ఆ షెడ్డులో రోజూ దొరకదు.

మేస్త్రి సీట్లో కూర్చున్నాడు. మామగారు కిటికీ దగ్గర తన చోట తాను నిలబడ్డారు. ఈత టీచరు ఈసారి తెరిచేందుకు గేటేమీ లేక, ఊరికే కారు వెనకతలుపు దగ్గర, ట్యాంకు పక్కన నిలబడింది. మేస్త్రి కళ్లు మూసుకుని తాళం సగం తిప్పాడు.

"చూశారా, పంపు మోగింది."

"దివ్యంగా" అన్నారు మామగారు.

"ఏం మోగింది?" అంది ఈత టీచరు.

"పంపమ్మా. గుయ్‌మంది కదా."

"నాకేం వినపడలేదు. మళ్లీ తిప్పండి." ఆమె వెనకతలుపు తీసి, సీటు మీద చెవి ఆనించి పడుకుంది. మేస్త్రి తిప్పాడు. గుయ్‌మంది. మామగారు తలాడించారు. ఆమె లేచి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"ఏ చప్పుడూ లేదండీ. మామయ్యగారూ, మీరు చెవి మిషను పెట్టుకున్నారా?"

టికెట్ కలెక్టరుగారి చెయ్యి తనంతట తానే చెవి దగ్గరికి వెళ్లింది. అక్కడ ఏమీ లేదు. మిషను నెల రోజులుగా ఇంట్లో, బీరువా సొరుగులో భద్రంగా ఉంది.

"మేస్త్రి మోగిందన్నాడు కదా అని నేనూ మోగిందన్నాను" అన్నారాయన, తగ్గిన గొంతుతో. "అంత చెవి గలవాడు అన్నాక నేను కాదంటే ఏం బాగుంటుంది?"

"మీరు మోగిందన్నారని నేను ధైర్యంగా ఉన్నాను" అన్నాడు మేస్త్రి.

అని, కిందికి దిగాడు. వెనకసీటు ఎత్తి, కింద ఉన్న పంపు మూత మీద అరచెయ్యి పరిచాడు. "మీరు తిప్పండమ్మా" అన్నాడు. ఆమె ముందుకెళ్లి తాళం తిప్పింది. గుయ్‌మన్న చప్పుడు ఆయనకి మళ్లీ వినిపించింది, ఎప్పటిలాగే సన్నగా, స్పష్టంగా, రెండు సెకన్లు. అరచేతి కింద ఇనుము చల్లగా, చలనం లేకుండా ఉంది.

అప్పుడు తెలిసింది ఆయనకి. పంపు మోగడం లేదు. నలభై ఏళ్లుగా తాళం తిరగ్గానే ఏ చప్పుడు రావాలో ఆ చప్పుడు ఆయన తలకాయే తయారుచేసి పెడుతోంది. బయటినుంచి రాకపోయినా లోపలినుంచి వేళకి అందిస్తోంది. చెవులు మందగించాయని తెలుసు, దానికి సర్దుకున్నాడు. అవి లేనిదాన్ని కూడా వినిపిస్తున్నాయని ఇంతవరకూ తెలియదు. భయమేసింది, సిగ్గేసింది. ఉద్యోగాలు పోగొట్టుకున్న బ్యాటరీ, ప్లగ్గులు, సెన్సారు బెంచీ మీద వరసగా పడి ఉన్నాయి. వాటి వైపు చూడలేకపోయాడు.

"మళ్లీ" అన్నాడు. మళ్లీ. నాలుగోసారి సుత్తి పిడితో మూత మీద చిన్నగా తట్టాడు. అరచేతికి సన్నటి వణుకు తగిలింది. "ఇప్పుడు కొట్టండి సెల్ఫ్" అన్నాడు. ఇంజను మొదటి తిప్పుకే, పంతొమ్మిదేళ్ల కింద షోరూములో లేచినంత తేలిగ్గా లేచింది. మూడు లక్షల కిలోమీటర్లు తిరిగి లోపల అరిగిపోయిన పంపు, చలికి మొరాయించి, ఎప్పటికో గానీ కదలడం లేదు. అంతే సంగతి.

ఈత టీచరు ఇంజను ఆపి ఆయన వైపు చూసింది. పంపు ఇంకో రెండు గంటల్లో మారిపోతుంది, కారు నయమైపోతుంది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. రెండేళ్లుగా అదే పని మీద ఉన్నాడు, మాటలకి కరువు లేదు. కానీ గేటు బయట తువ్వాళ్లు చుట్టుకుని నిలబడే ఇరవైమంది పిల్లలు ఆయన మనసులోంచి కదలడం లేదు.

"నాకు వినపడదమ్మా" అన్నాడు. "సన్న చప్పుళ్లు పోయి రెండేళ్లయింది. పది రోజులు మిమ్మల్ని ఊరికే తిప్పాను."

ముందుగా తేరుకున్నది టికెట్ కలెక్టరుగారే.

"నేనెవరికీ చెప్పనులే" అన్నారు భుజం తట్టి. "పోనీ మేస్త్రికి ఏమైందని నన్నెవరైనా అడిగినా, నాకు వినపడదు."

ఈత టీచరు నవ్వాపుకోలేకపోయింది. "నాకు సోమవారం ఆరింటికి బండి కదిలితే చాలు మేస్త్రిగారూ. చెవితో కనిపెట్టారా చేత్తోనా అని నన్నెవరడుగుతారు? మళ్లీసారి తాళం తిప్పేటప్పుడు మాత్రం నన్ను వెనక నిలబెట్టుకోండి. మామయ్యగారిని వద్దు."

పదిన్నరకి పంపు మారింది. మేస్త్రి పాత పంపుని గుడ్డలో చుట్టి పక్కన పెట్టాడు, చేతులు కడుక్కున్నాడు, షెడ్డు వెనకే ఉన్న ఇంట్లోకి వెళ్లాడు. భార్య వంటింటి గడప మీద కూర్చుని కూరలు తరుగుతోంది. ఆవిడకి ఎదురుగా పీట వాల్చుకుని కూర్చుని, చిన్నప్పుడు పలక పగలగొట్టి వచ్చినవాడిలా, జరిగిందంతా చెప్పాడు. చివర్న, రెండేళ్లుగా నోరు దాటని మాట కూడా చెప్పాడు.

"తెలుసు" అంది ఆవిడ, కత్తి ఆపకుండా.

"తెలుసా?"

"దోమలు తగ్గాయన్న రోజే తెలుసు. రోడ్డు మీద మీ ఎడంపక్క నడవడం ఎప్పుడు మానేశాననుకున్నారు? ఆ చెవి మరీ పోయింది. పరీక్ష చేయించుకోమంటే మీరు ఒప్పుకుంటారా? ఊళ్లో కార్లన్నిటికీ డాక్టరు మీరేనాయె."

మేస్త్రికి కాస్త ప్రాణం లేచొచ్చింది. ఇంత తేలిగ్గా అయిపోయే మాటకి రెండేళ్లు దాక్కుని తిరిగానే అనిపించింది. ప్రాణం లేచొచ్చాక పౌరుషమూ వచ్చింది.

"మరీ అంత పోలేదులే. కార్ల సంగతి వేరు. ఇంట్లోవన్నీ వినిపిస్తూనే ఉన్నాయి. పొద్దున్నే పొయ్యి దగ్గర నువ్వు పాడుకుంటావు చూడు, అది ఇవాళ కూడా విన్నాను. మంచంమీంచే."

కత్తి ఆగింది. ఆవిడ తలెత్తి ఆయన్ని చూసింది.

"నేను పాడటం మానేసి ఏడాది దాటిందండీ."

ఆవిడ కత్తి పక్కన పెట్టింది.

"ఒకరోజు మీ వెనకే నిలబడి పాడాను. ఇంక చాలు తల్లీ అంటారని చూశాను. ముప్పై మూడేళ్లు రోజూ అన్నారుగా. మీరు తిరిగి కూడా చూడలేదు. వినేవాళ్లు లేనప్పుడు ఎందుకులే అని మానేశాను."

బయట కుళాయి దగ్గరికి ఎవరో బిందె తెచ్చి పెట్టారు. అది మేస్త్రికి వినిపించింది. నిజంగా వినిపించిందో లేదో ఇప్పుడిక చెప్పలేడు.

"మరి రోజూ పొద్దున్నే నాకు వినిపిస్తున్నదేమిటి?"

"ఏమో, నాకేం తెలుసు?" తరిగిన ముక్కల్ని ఊరికే అటూ ఇటూ సర్దింది. "బాగుంటోందా?"

"ఎప్పటిలాగే. రెండో లైను దగ్గర శ్రుతి తప్పుతోంది."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో చప్పుడుని బట్టి చెప్పలేక, మేస్త్రి పీట ముందుకి జరుపుకుని ఆవిడ మొహంలోకి చూశాడు.